నా పక్కకు వొరిగిన కాంటెస్సా

బావా,

మన కాంటెస్సా కారు ఎప్పుడూ నేను కూర్చున్న పక్కకే ఎందుకు వొరిగేది? పెళ్ళైన కొత్తలో అడిగితే, "అంతా నీ బరువే మే, ఇంగేమి!" అని నవ్వావు. నేను నిజమనుకుని ఇడ్లీలు తగ్గించాను.

నువ్వు పోయిన మూడేళ్ళకు ఆ బండిని షెడ్డులోంచి తీయించాను. తిరువళ్ళూరులో మన పాత మెకానిక్కే ముందు చక్రాల స్ప్రింగులు విప్పి, కొత్తవి వేసి, మంచి రకం షాకబ్జార్బర్లు బిగించాడు. విప్పినప్పుడు నీ పక్క స్ప్రింగు చుట్ల మధ్య నుంచి రెండు టైరు ముక్కలు లాగి చూపించాడు.

"ఇది పెడితే బండి పైకి లేస్తుంది, కుదుపు మాత్రం జాస్తి అక్కా. సారు తన పక్క మాత్రమే పెట్టినాడు. మీ పక్క మెత్తంగా ఉండాలనో, సోంబేరితనమో!"

ఈరోజు మన పెళ్ళిరోజు. నేనే నడుపుకుంటూ తిరుత్తణి దాకా వెళ్ళొచ్చాను. గుంతల్లో కూడా కుదుపు తెలియలేదు. బండి ఏ పక్కకూ వొరగలేదు. ఎడమ సీట్లో నా చేతిసంచి ఒక్కటే ఉంది.

టైరు ముక్కలు డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. కుదుపుకు లేచే నా నడుము నొప్పి గుర్తుపెట్టుకుని నా పక్క వదిలేశావో, ఒక పక్క అయ్యేసరికి విసుగొచ్చి మానేశావో, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.