తిరుగుదారి పాట

1994 జనవరి 13, గురువారం

గల్ఫులో నేను పనిచేసే ఈ చమురు కంపెనీ వాళ్ల అవాలి క్లబ్బులో బల్లలు తుడుస్తుంటే ముసలాళ్ల గొడవ వినపడింది. వాళ్లది ముప్పై ఏళ్లుగా ప్రతి గురువారం ఇక్కడ జాజ్ వాయించే ఇంగ్లీషోళ్ల బ్యాండు. ఏడుగురిలో నలుగురు మిగిలారు. అందులో క్లారినెట్ ఊదే ఆర్థర్ గారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. క్లారినెట్ లేకపోతే బ్యాండు ఖలాస్ అని డ్రమ్ముల డెరిక్ గారు తేల్చేశారు. నా నోరు ఊరుకోదు కదా. తునిలో మా మేనమామ బ్యాండు మేళంలో క్లారినెట్ నాదేనని చెప్పేశాను. వాయిస్తే డ్యూటీ అయ్యాకే అన్నాడు మేనేజరు.

జనవరి 20

ఆర్థర్ గారి క్లారినెట్టే ఊదాను. పెళ్లి ఊరేగింపులో ఊదినట్టు, ఆపకుండా. మా మేళంలో క్లారినెట్ ముందు, అందరూ దాని వెనక. ఇక్కడ ఒకరు వాయిస్తే మిగతావాళ్లు చోటివ్వాలట. మమ్మల్ని కూడా బతకనివ్వమని డెరిక్ గారు నవ్వారు. సిగ్గేసింది. ఆర్థర్ గారు చక్రాల కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. వెళ్తూ క్లారినెట్ పెట్టె నా ఒళ్లో పెట్టారు.

జనవరి 27

చోటివ్వడం కొంచెం వచ్చింది. కొంచెమే.

ఫిబ్రవరి 6

ఆర్థర్ గారు పోయారు.

ఫిబ్రవరి 8

సమాధుల దాకా నెమ్మదిగా వాయించాం. నాకు కళ్లు నిండిపోయాయి. మట్టి వేశాక క్లారినెట్ విప్పి సర్దేశాను. మా వైపు శవం ముందు మేళం ఉంటుంది గానీ తిరిగొచ్చేటప్పుడు చప్పుడు చెయ్యం. వెనక్కి చూడకుండా వచ్చి స్నానం చేస్తాం.

ఇంతలో డెరిక్ గారు డాన్సు దెబ్బ ఎత్తుకున్నారు. మట్టి తడైనా ఆరలేదు, వీళ్లకి బుద్ధుందా అని ఒళ్లు మండిపోయింది. దూరంగా వెళ్లి నిలబడ్డాను. ఆర్థర్ గారి భార్య నా దగ్గరికి నడిచొచ్చి పెట్టె మీద చెయ్యేశారు.

"వెళ్లేటప్పుడు ఆయన చావుకి ఏడ్చాం, లోవరాజూ. తిరుగుదారిలో ఆయన బతుకుని వాయిస్తాం. అది జాజ్ వాయించేవాళ్ల ఆనవాయితీ."

క్లారినెట్ మళ్లీ బిగించాను. నాకు వాళ్ల జోరు పాటలు ఇంకా రావు. మా మేనమామ పెళ్లిళ్లకి కట్టిన పాటే ఊదాను. ముగ్గురు ముసలాళ్లూ నా వెనక అందుకున్నారు. మధ్యలో ఆగి చోటిచ్చాను. ట్రంపెట్ ఆయన కళ్లు తుడుచుకుని ఊదారు. ఆవిడ చప్పట్లు కొడుతూ నడిచారు.

ఫిబ్రవరి 10, గురువారం

బ్యాండు ఆపే మాట ఎవరూ ఎత్తలేదు. ఇవాళ్టి పాటలు బోర్డు మీద రాస్తూ, నా పాట పేరేమిటని డెరిక్ గారు అడిగారు. పేరు లేదన్నాను. పెళ్లిళ్లలో ఎవరడుగుతారు. ఆయన 'తుని' అని రాశారు. ఆర్థర్ గారి పాటల కిందే.