ఎర్రావుకు పేనిన తాడు

పర్సలోయ్ అన్నయ్యకు,

నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా కోప్పడకుండా చదువు.

నా పెళ్ళికి నువ్విచ్చిన ఎర్రావుకు పుట్టిన దూడ ఇక లేదు. "మంద వదిలి పోయింది. దీనికి కాపలా కూడా చేతకాదు" అని మా ఆయన అందరి ముందూ నన్నే తిట్టాడు.

ఆయన సఫారీ జీపులో తిప్పే దొరసాని నిన్న పూసల దండల కోసం మా గుడిసెకు వచ్చింది. మొన్న తీసిన ఫొటో మురిపెంగా చూపించింది. సింహం నోట్లో నా దూడ. దాని మెడకు నేను పేనిన తాడు, తాడు చివర మేకు.

"చూశావా, సింహం ఎక్కడ వేటాడుతుందో వాసన పట్టి చెప్పానట! పొగుడుతోంది" అని మా ఆయన రొమ్ము విరుచుకున్నాడు. పిట్ట తోకలో ఈకలు కూడా లెక్కపెట్టి రాసుకునే ఆ మనుషులకు తాడు కనపడలేదు. దుమ్ములగొండి నయం అన్నయ్యా, దొంగిలించి తింటుంది గానీ వేటగాణ్ణని చెప్పుకోదు. నేను తల వంచుకుని దండలు మూటగట్టి ఇచ్చాను.

శుక్రవారం ఇంకో దొరల జట్టు వస్తోంది. పొద్దున ఆయన ఎర్రావు వైపు చూస్తూ, "ఇంకో తాడు పేను, ఈసారి లావుగా" అన్నాడు. గురువారంలోగా వచ్చి, మీ మందలో ఆబోతుకు చూపించాలని చెప్పి దాన్ని తోలుకుపో. నా పేరు ఎత్తకు.

తాడు పేనడం అయిపోయింది. నువ్వు ఆవును తోలుకుపోవడానికే పేనాను.

చదవగానే ఈ కాగితం పొయ్యిలో వెయ్యి.

నీ చెల్లెలు