జాబితాలో లేని పేరు

అక్కా,

ఆఫీసులో అందరినీ కలుపుకుపోవడానికి ఒక కమిటీ పెట్టి, అందులో నన్నూ వేశారని చెప్పాను కదా. మధ్యాహ్నం ఎవరూ ఒంటరిగా తినకూడదని, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో జాబితా నేనే రాశాను. గోడకి అంటించాక చూస్తే నా పేరే లేదు!

“భలే కుదిర్చావమ్మా, ఒక్కరు కూడా మిగల్లేదు,” అంది మేనేజరు. నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు నా పేరు ఇరికిస్తే ఎవరో ఒకరి జత విడగొట్టాలి.

మూడు వారాలైంది. కమిటీ పని ఉందని చెప్పి ఫైళ్ల గదిలో తింటున్నాను. “నువ్వెవరితో తింటున్నావ్?” అని ఒక్కరైనా అడగలేదు. తప్పు నాదేలే, కోపమేం లేదు.

రేపు ఒంటిగంటకి ఫోన్ చెయ్యక్కా. ఏమీ మాట్లాడక్కర్లేదు. నువ్వూ కంచం ముందు కూర్చో, చాలు.

నీ చెల్లి