కార్బొరేటర్‌లో వెదురు ముక్క

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నాకు నడపడం నేర్పిన నీ చిన్న మోటారుసైకిలు ఆగిపోతే, పొద్దున్నే శృంగవరపుకోట దాకా తోసుకెళ్ళాను. మేస్త్రీ కార్బొరేటర్ మూత విప్పి, లోపల అడ్డంగా ఉన్న చిన్న వెదురు ముక్క బయటికి తీశాడు.

"ఇదెవులు పెట్టినారు బాబూ? దీనివల్లే ఇన్నాళ్ళూ బండి సగం స్పీడు దాటనేదు. తీసి పారేత్తే గుర్రంలా పరిగెడతాది," అన్నాడు.

నేర్చుకునే రోజుల్లో "దీనికి సత్తువ నేదు బావా" అని నేను విసుక్కుంటే, "ముసిల్దిరా, మెల్లగా ఎల్లు" అని నవ్వేవాడివి. పాపం, ఆ బండిని ఎన్ని తిట్లు తిట్టానో!

"చెత్త కడిగేసి, ఆ ముక్క మళ్ళీ అక్కడే పెట్టు" అన్నాను. మేస్త్రీ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఇంటికి రావడానికి ఎప్పటిలాగే గంట పట్టింది. నన్ను మెల్లగా వెళ్ళమనేది ఇప్పుడు అదొక్కటే.