చింతకాయ జారుడు

కరీం భాయ్,

నువ్వు పోయి ఏడాదయింది. ఈరోజు మాచర్లలో పెళ్లి ఊరేగింపు ఉంటే మన బ్యాండు వెళ్లింది. పెళ్లికొడుకు నీ ఇంగ్లీషు రాక్ పాటే కావాలన్నాడు.

క్యాసెట్లో గిటార్లు అరిచే ఆ పాటను నువ్వు ఆరు క్లారినెట్లకు పంచావు. డ్రమ్ముల జోరు తగ్గించి, రేడియోలో విన్న జాజ్ లాగా ఊగించావు. ఊరేగింపు నడవడం మానేసి ఊగుతోందని పెద్దలు తిట్టారు. మొదటిసారి వాయించిన ఆ రోజే నేను డ్రమ్ము కొడుతూ నీ ఎదుట పచ్చి చింతకాయ కొరికాను. నీకు నోట్లో నీళ్లూరి, ట్రంపెట్ స్వరం జర్రున కిందికి జారింది.

"నీ పళ్లు రాల! ఎవరికీ చెప్పమాక. ఆ జారుడు చానా బాగుంది, ఉంచేద్దాం," అన్నావు నా చెవిలో.

ఇప్పుడు నీ ట్రంపెట్ మీ తమ్ముడు సలీం వాయిస్తున్నాడు. ఆ చోటు రాగానే నేను అలవాటుగా చింతకాయ తీశాను. వాడు నావైపు చూడనైనా లేదు. అచ్చం నీలాగే జారాడు.

"ఏం జారుడయ్యా! మీ అన్న యాడ నేర్చాడంట?" అని పెళ్లికొడుకు మేనమామ అడిగాడు.

"ఎవరో పెద్ద ఉస్తాద్ దగ్గరై ఉంటదండీ," అన్నాడు సలీం.

మన గుట్టు నేను విప్పలేదు. నమ్మవు కదూ? చింతకాయ నేనే తినేశాను. డ్రమ్ము కొట్టేవాడికి నోట్లో నీళ్లూరితే ఏ పాటా జారదు భాయ్.