సన్నాయికి ఊపిరి దొరికిన పెళ్లి

చెల్లీ అజిలిస్,
పునీత అన్నమ్మ తల్లి దయవల్ల అందరం బాగున్నాం. తుగ్దువల్ కూతురి పెళ్లిలో నాట్యం ఆగిపోతుందేమోనని బెంగపడ్డావుగా, ఆగలేదు. పచ్చికమడి పంపకం నాటి నుంచి పలకరింపుల్లేని మన తమ్ముళ్లు తుగ్దువల్, రివాల్ ఇద్దరూ వాయించడానికి వీపూ వీపూ పెట్టుకుని పీపాల మీద నిలబడ్డారు. సన్నాయి ఒక వరుస ఊది ఆగితే తోలుతిత్తి బూర అదే వరుస అందుకోవాలి కదా. తిత్తి పట్టింది రివాల్ అని, సన్నాయి ఊదే తుగ్దువల్ వంతు ఇవ్వకుండా ఆగనే లేదు. చిటికెన వేళ్లు కలిపి ఆడేవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. తుగ్దువల్ మొహం బీట్‌రూట్ అయింది. నేను జపమాల తీశాను.

చివరికి రివాలే అరిచాడు: “ఊపిరి తీసుకోరా మొండి వెధవా, కూతురి పెళ్లిలోనే చస్తావా!”

“నీ తిత్తికి చిల్లు పడిందనుకున్నాలే!” అన్నాడు తుగ్దువల్. అలా అనడానికి సన్నాయి నోట్లోంచి తీయక తప్పలేదు. ఆ సందులో తిత్తి అందుకుంది.

తుగ్దువల్ పెదవులు చిట్లాయి, ఏదైనా లేపనం పంపు. నీ దగ్గు తగ్గిందా? నల్లగోధుమ పిండి అందిందా?

ఇప్పుడు ఇద్దరూ నా వంటింట్లోనే కూర్చుని ఆ మడి గురించే అరుచుకుంటున్నారు. మాట్లాడుకునేలా చేయమ్మా అని తల్లికి మొక్కాను. మెల్లగా అని చేర్చడం మరిచాను.

ఆ తల్లి నిన్ను చల్లగా చూడాలి.
అక్క సోయిజిక్