ఆరుగురం అన్న మాట

అక్కా, నా ఒంటికేమీ కాలేదు, కంగారు పడకు.

సోమవారం మా వాళ్లు ఏడుగురు చిన్న పడవలో వెళ్లి ఒక సరుకు ఓడను సోదా చేశారు. ఆ నీళ్లు మావంటే మావని రెండు దేశాల తగువు. అందుకే మా యుద్ధనౌక దూరంగా ఆగింది. పది నిమిషాలకోసారి వాళ్ల నాయకుడు తలలు లెక్కపెట్టి వైర్‌లెస్‌లో చెప్తాడు, నేను రాసుకుంటాను. వాళ్లకున్న కాపలా అదే.

మొదటిసారి "ఆరుగురం" అన్నాడు.

"తమర్ని తమరు లెక్కేసుకోరా గురూగారూ?" అన్నాను.

"ఏడుగురమేలేవోయ్" అని నవ్వాడు.

మూడోసారి మళ్లీ "ఆరుగురం" అన్నాడు. మళ్లీ తనను మరిచాడనుకుని, అడక్కుండా ఏడు అని రాశాను. ఈసారి ఆయన లెక్క సరైనదే. మన పక్కింటి దర్జీగారబ్బాయి ఓడ వెనక నీళ్లలో పడ్డాడు. ఆరుగురమని తాను చెప్పాడు కదా, వెతకడానికి మా నౌక నుంచి పడవ వస్తుందని నాయకుడు ఎదురుచూశాడు. రెండు రోజులు వెతికాం, దొరకలేదు.

దర్జీగారికి ఆఫీసు ఉత్తరం అందే ఉంటుంది. ఈ కార్డు ఆయనకు చదివి వినిపించు, నాకు ఎదుటపడి చెప్పే నోరు లేదు. కుట్టడానికిచ్చిన నా చొక్కా కోసం ఆయన్ని తొందరపెట్టకు. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు. జవాబులో అందరం క్షేమమని రాయకు. ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే రాయి.

నీ తమ్ముడు